సూది ముందు మొహమాటం

బండి దగ్గర బెండకాయలు కొంటే కొస విరిచి చూస్తాం. వంకాయను తిప్పి తిప్పి పుచ్చు వెతుకుతాం. బట్టల కొట్లో నలభై చీరలు పరిపించి, ఒక్కటీ నచ్చలేదని లేచి వచ్చేస్తాం. కొట్టువాడు ఏమనుకుంటాడోనన్న బెంగ పెట్టుకోం. ఇంత నిక్కచ్చిగా బేరమాడే మనమే టాటూ షాపులో కుర్చీ ఎక్కగానే మూగబోతాం. చర్మంలోకి దిగబోయే సూది కొత్తదా, పొద్దున వచ్చినవాళ్లకు వాడిందా అని అడగడానికి నోరు రాదు.

మా మేనకోడలు నిరుడు ఒక మాల్‌లో నగల స్టాల్ దగ్గర ఆగి, చెవి పైభాగం గన్‌తో కుట్టించుకుంది. పదో రోజుకి చెవి బూరెలా పొంగింది. డాక్టరు గాటు పెట్టి చీము తీయాల్సి వచ్చింది. నొప్పి తగ్గింది గాని చెవి అంచు ఇప్పటికీ కొంచెం ముడుచుకునే ఉంటుంది. గన్ ఎలా శుభ్రం చేశారో అడగలేదా అంటే, "వెనకాల క్యూ ఉంది అత్తా. ఆ అమ్మాయి పాపం ఎంతో మర్యాదగా మాట్లాడుతోంది, ఎలా అడగను?" అంది. మర్యాదగా మాట్లాడటం వేరు, గన్ శుభ్రంగా ఉండటం వేరు. రెండింటినీ ఒకే గాట కట్టేసే ఆ మొహమాటం గురించే ఈ అధ్యాయం.

ముందు, ఈ ప్రశ్న కస్టమర్ అడగక్కర్లేని ఊళ్ల సంగతి చెబుతాను. అక్కడ అతని బదులు ఊరే అడుగుతుంది.

ఊరు అడిగే చోట

న్యూయార్క్ నగరం 1961లో హెపటైటిస్ బి కేసులు చూసి బెదిరి, టాటూ వేయడాన్నే నిషేధించింది. ఆ నిషేధం 1997 దాకా నడిచింది. ముప్పై ఆరేళ్లూ టాటూలు ఆగాయా అంటే, లేదు. తలుపులు వేసుకుని అపార్ట్‌మెంట్లలో వేశారు. దొంగచాటు పనికి తనిఖీ ఉండదు కదా. చివరికి నగరం బుద్ధి తెచ్చుకుని నిషేధం ఎత్తేసి, మరో దారి పట్టింది. టాటూ వేసే ప్రతి మనిషీ నగర ఆరోగ్య శాఖ దగ్గర లైసెన్సు తీసుకోవాలి. దానికి ముందు అంటువ్యాధులు సోకకుండా పనిచేయడం మీద ఒక క్లాసు విని, పరీక్ష పాసవ్వాలి. బొమ్మ ఎంత బాగా వేస్తాడన్నది ఆ పరీక్షలో ఉండదు. ఆ విషయం కస్టమర్ చూసుకుంటాడు. చెయ్యి ఎలా కడుక్కుంటాడన్నది నగరం చూసుకుంటుంది. ఈ పంపకం నాకు బాగా నచ్చింది.

ఇంగ్లండ్‌లో ఈ పని స్థానిక కౌన్సిళ్లది. 1982 నాటి చట్టం ప్రకారం టాటూ వేసే మనిషీ, వేసే గదీ రెండూ కౌన్సిల్ దగ్గర నమోదు కావాలి. ముక్కూ బొడ్డూ కుట్టేవాళ్లను 2003లో ఇదే గొడుగు కిందికి తెచ్చారు. కౌన్సిల్ తన ఊరికి ఉపనిబంధనలు రాసుకుంటుంది. అవి చదివితే పెద్ద శాస్త్రమేమీ కనబడదు. మన బామ్మలు మడి కట్టుకుని వంటింట్లో పెట్టే ఆంక్షల్లా ఉంటాయి. బల్లలు తుడిస్తే శుభ్రమయ్యేలా ఉండాలి. పనిచేసేవాడు చేతులు కడుక్కోవడానికి వేన్నీళ్లూ చన్నీళ్లూ వచ్చే కుళాయి వేరేగా ఉండాలి. పని జరిగేచోట తినకూడదు, తాగకూడదు, పొగ పీల్చకూడదు. ఒకరికి వాడిన సూది ఇంకొకరికి వాడకూడదు. అన్నిటికంటే తెలివైనది చివరి షరతు: ఆ నమోదు పత్రాన్నీ నిబంధనలనూ వచ్చినవాళ్లకు కనబడేలా గోడకు పెట్టాలి. పెట్టకపోతే అదే ఒక నేరం. అంటే కస్టమర్ నోరు విప్పక్కర్లేదు, తలెత్తి చూస్తే చాలు.

వేల్స్ ఇంకో అడుగు ముందుకేసింది. 2024 నవంబరు చివరి నుంచి అక్కడ టాటూ, పియర్సింగ్, ఆక్యుపంక్చర్, విద్యుత్తుతో రోమాలు తీయడం, ఈ నాలుగింటికీ నమోదుతో సరిపెట్టకుండా లైసెన్సే తప్పనిసరి చేసింది. వయసు విషయంలో బ్రిటన్ అంతటా కచ్చితమైన గీత ఉంది. 18 నిండనివాళ్లకు టాటూ వేయడం 1969 నుంచీ నేరమే. అమ్మానాన్నలు పక్కన నిలబడి సరేనన్నా కుదరదు. న్యూయార్క్‌లోనూ అంతే. పియర్సింగ్‌కు మాత్రం అక్కడ 18 లోపువాళ్లు పెద్దల రాతపూర్వక అనుమతి తేవాలి. డాలస్‌కో, లండన్‌కో చదువుకు వెళ్లిన మన పిల్లలు మొదటి సెలవుల్లోనే టాటూ వేయించుకోవడం మామూలైపోయింది. వాళ్లకు నేను చెప్పేది ఒకటే. మీ ఊళ్లో లైసెన్సు ఇచ్చేది కౌన్సిలో, జిల్లా ఆరోగ్య శాఖో, టెక్సస్‌లోలాగా రాష్ట్ర ప్రభుత్వమో తెలుసుకోండి. షాపులోకి వెళ్లగానే ఆ కాగితం కోసం గోడ చూడండి.

ఈ కాగితం విలువ ఎంతో రక్తదానం దగ్గర తెలుస్తుంది. అమెరికాలో ప్రభుత్వ నియంత్రణ ఉన్న రాష్ట్రంలో, లైసెన్సున్న షాపులో, కొత్త సూదితో, మళ్లీ వాడని ఇంకుతో వేయించుకున్న టాటూ అయితే రక్తం వెంటనే తీసుకుంటారు. నియంత్రణ లేని చోట వేయించుకుంటే మూడు నెలలు ఆగమంటారు. మన దేశంలో టాటూ వేయించుకున్నా, ముక్కు కుట్టించుకున్నా, ఎక్కడ అన్న ప్రశ్నే లేదు, ఏకంగా 12 నెలలు ఆగాలి. బ్లడ్ బ్యాంకువాళ్లది చాదస్తం కాదు. మన గోడల మీద వాళ్లు నమ్మదగ్గ కాగితం లేదు, అంతే.

మన దగ్గర

హైదరాబాద్‌లోనో విజయవాడలోనో టాటూ షాపు పెట్టాలంటే మునిసిపాలిటీ ట్రేడ్ లైసెన్సు కావాలి. అక్కడ ఒక వ్యాపారం నడుస్తోందని ఆ కాగితం చెబుతుంది, సూది గురించి మాట్లాడదు. ఆసుపత్రి చెత్త మీద దేశమంతటికీ 2016లో వచ్చిన నియమాలున్నాయి. అందులో ఆసుపత్రులు, ల్యాబులు, బ్లడ్ బ్యాంకులు, పశువైద్యశాలలు, చివరికి బడిలోని ప్రథమ చికిత్స గదుల పేర్లు కూడా రాశారు. టాటూ షాపు పేరు మాత్రం రాయలేదు. ఇంకుల సంగతి ఇంకా వెనకబడి ఉంది. 2022 జనవరి నుంచి యూరోపియన్ యూనియన్ టాటూ ఇంకుల్లో దాదాపు 4,000 రసాయనాల మీద ఆంక్షలు పెట్టింది. మన పక్కనే కర్ణాటకలో, నమూనాలు పరీక్షిస్తే 22 రకాల లోహాలు బయటపడ్డాయని 2025లో ఆరోగ్య మంత్రి చెప్పి, కేంద్రం ప్రమాణాలు తేవాలని కోరారు.

పచ్చబొట్టు మనకు కొత్త కాదు, నిజమే. మా నాయనమ్మ ముంజేతి మీద తులసికోట ఉండేది, దాని పక్కన తేలు. మసిలో ఆకుపసరు కలిపి, తిరునాళ్లలో కూర్చుని ఒకే సూదితో వరసగా అందరికీ పొడిచేవాళ్లట. ఆవిడకు ఏమీ కాలేదు. ఏమైనా అయినవాళ్లు ఆ కథ చెప్పడానికి మిగల్లేదేమో. ఇప్పుడూ జాతరల్లో చెట్టుకింద స్టూలేసుకుని బ్యాటరీ మిషన్‌తో పేర్లు రాసేవాళ్లుంటారు. సూది అదే, ఇంకు పోసుకునే సీసా మూత అదే, తుడిచే తడిగుడ్డ కూడా అదే. వాళ్ల చేతి ఒడుపును తక్కువ చేయను. కానీ ఆ తడిగుడ్డ గురించి మనం మాట్లాడుకోవాలి.

సూది అనగానే అందరికీ ఎయిడ్స్ భయం. భయపడాల్సింది అంతకంటే ఎక్కువగా హెపటైటిస్ బి గురించి. ఆసుపత్రుల్లో రోగికి వాడిన సూది గుచ్చుకున్న సిబ్బందిని గమనించి వేసిన లెక్కలున్నాయి. రోగికి హెచ్‌ఐవీ ఉంటే అది అంటుకునే అవకాశం 1,000లో 3. హెపటైటిస్ సి అయితే 100కి దాదాపు 2. టీకా వేసుకోనివాళ్లకు హెపటైటిస్ బి 100కి 6 నుంచి 30 దాకా. పైగా బి వైరస్ ఎండిపోయిన రక్తపు మరకలో కనీసం వారం రోజులు బతికి ఉంటుంది. కంటికి కనబడనంత చిన్న మరక అయినా సరే. అందుకే తుడిచిన బల్ల, మార్చిన గ్లవ్స్ అంత ముఖ్యం.

హెపటైటిస్ సి కి టీకా లేదు. బి కి ఉంది. పెద్దవాళ్లకు మూడు డోసులు, మొదటిది వేశాక నెలకు ఒకటి, ఆరు నెలలకు ఒకటి. ప్రభుత్వ టీకాల పట్టికలోకి ఇది 2002లో ప్రయోగాత్మకంగా వచ్చి, దేశమంతటికీ 2011 నాటికి గాని చేరలేదు. ఇరవై దాటిన మీలో చాలామందికి పుట్టినప్పుడు పడి ఉండకపోవచ్చు. అమ్మను అడిగి పాత కార్డు వెతికించండి. పడకపోతే ఇప్పుడు మొదలుపెట్టండి. టాటూ కోసం ఆరు నెలలు ఆగాలా అంటారేమో, ఆగండి. ఆ ఆరు నెలల్లో పేరు మారొచ్చు, ప్రేమ మారొచ్చు. సైన్యంలో చేరాలన్న ఆలోచన కూడా రావొచ్చు. ముంజేతి లోపలివైపు, అరచేతి వెనకవైపు తప్ప మిగతాచోట్ల శాశ్వత టాటూ ఉంటే సైనిక భర్తీలో ఒప్పుకోరు. ఆచారం ప్రకారం వేయించుకునే గిరిజనులకు మాత్రం మినహాయింపు ఉంది. భుజం నిండా సింహం వేయించుకుని, ఆ తర్వాత అగ్నివీర్ నోటిఫికేషన్ చదివే కుర్రాళ్లు ఉంటూనే ఉన్నారు.

అడగడం ఎలా

కుర్చీలో కూర్చున్నాక అడగడం కష్టం. అప్పటికే స్టెన్సిల్ అంటించేశాడు, మిషన్ గుర్రుమంటోంది, మీరు సగం లొంగిపోయారు. అందుకే ముందురోజు ఫోన్లోనే అడిగేయండి. "కార్ట్రిడ్జ్ ప్యాకెట్ నా ముందే చింపుతారా?" ఈ ఒక్క ప్రశ్నతో మొదలుపెట్టండి. మంచివాడు "తప్పకుండా" అంటాడు, అడక్కుండానే ఇంకో రెండు సంగతులు చెబుతాడు. "మా మీద నమ్మకం లేదా మేడమ్?" అని నొచ్చుకుంటే ఫోన్ పెట్టేయండి. నమ్మకం అడిగే పని కాదిది, ప్యాకెట్ చూపించే పని.

మొహమాటం మరీ ఎక్కువైతే, పెళ్లిచూపులకు నోరున్న పిన్నిని వెంటబెట్టుకెళ్తాం చూడండి, అలాంటి ఒక మనిషిని తోడు తీసుకెళ్లండి. అడిగే పని వాళ్లకు అప్పగించి మీరు నవ్వుతూ కూర్చోవచ్చు. హాస్యానికి అనడం లేదు, చాలా బాగా పనిచేస్తుంది.

ప్యాకెట్ చూపిస్తే ఏం చూడాలి? ఒక్కో సూదికి ఒక్కో ప్యాకెట్ ఉండాలి. దాని మీద బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉంటాయి. గ్యాస్‌తో శుద్ధి చేసినట్టు రంగు మారే చిన్న గుర్తు కూడా ఉంటుంది. కార్ట్రిడ్జ్ లోపల పలచటి పొర ఉన్నదే వాడాలి. చవక రకాల్లో ఆ పొర ఉండదు, రక్తం కలిసిన ఇంకు వెనక్కి పాకి మిషన్‌లోకి చేరుతుంది. అప్పుడు సూది మార్చినా లాభం లేదు. ఇంకు పెద్ద సీసాలోంచి చిన్న ప్లాస్టిక్ కప్పుల్లోకి పోసుకోవాలి. మీ పని అయ్యాక అందులో మిగిలింది చెత్తబుట్టలోకి పోవాలి. తిరిగి సీసాలోకి ఒంపేవాడు కనబడితే లేచి వచ్చేయండి, బొమ్మ సగంలో ఉన్నా సరే. షేవింగ్ బ్లేడు కొత్తదై ఉండాలి. వాజలీన్ డబ్బాలోకి గ్లవ్ వేలు దిగకూడదు, పుల్లతో తీయాలి.

అందరూ తప్పేది ఫోన్ దగ్గర. గ్లవ్స్ వేసుకుని పని చేస్తూ చేస్తూ, మోగితే అదే చేత్తో ఫోన్ తీస్తారు, పాట మారుస్తారు, మళ్లీ మీ చెయ్యి పట్టుకుంటారు. ఆ ఫోన్ నిన్న బాత్రూంలోకి కూడా వెళ్లింది. "అన్నా, గ్లవ్స్ మార్చుకుంటారా" అని అప్పటికప్పుడే అనండి. కోపం చూపించక్కర్లేదు. ఆటో డ్రైవర్‌తో "కొంచెం ఎడమకు ఆపన్నా" అన్నట్టే అనండి.

ఇంకోటి, నీలం లైటు వెలిగే పెట్టె. చాలా షాపుల్లో, సెలూన్లలో కూడా ఉంటుంది, పైన స్టెరిలైజర్ అని రాసి ఉంటుంది. ఆ వెలుతురు పడినచోట కొన్ని క్రిములు చస్తాయేమో గాని, సందుల్లో, నీడలో ఉన్నవి హాయిగా ఉంటాయి. పియర్సింగ్ క్లాంపులు, స్టీలు గ్రిప్పులు లాంటి మళ్లీ వాడే పనిముట్లకు కావలసింది ఆటోక్లేవ్. దాని సూత్రం మన ప్రెషర్ కుక్కర్‌దే. ఆవిరిని ఒత్తిడిలో 121 డిగ్రీల దాకా ఎక్కించి, కనీసం 15 నిమిషాలు ఆ వేడి నిలబెట్టాలి. పొట్లం కట్టిన పనిముట్లకు ఇంకా ఎక్కువసేపు పడుతుంది. అయితే కుక్కర్‌లో పప్పు ఉడికిందో లేదో మెదిపి చూస్తాం, పనిముట్లను ఎలా మెదుపుతాం? అందుకు వేడికి త్వరగా చావని ఒక రకం బాక్టీరియా బీజాలున్న పట్టీని లోపల పెట్టి, తర్వాత ల్యాబులో పెంచి చూస్తారు. మొలకెత్తకపోతే ఆటోక్లేవ్ సరిగ్గా పనిచేస్తున్నట్టు. ఆ పరీక్షల ఫలితాలు రాసిన పుస్తకం చూపించగల షాపు దొరికితే, రేటు కొంచెం ఎక్కువైనా అక్కడే వేయించుకోండి.

మా మేనకోడలి గన్ ఇక్కడే ఓడిపోయింది. దాని ఒళ్లు ప్లాస్టిక్, ఆటోక్లేవ్‌లో పెడితే కరిగిపోతుంది. స్పిరిట్ దూదితో తుడుస్తారు, అది చాలదు. పైగా మొండి మొనను స్ప్రింగ్ బలంతో తోస్తుంది. మెత్తటి చెవితమ్మె ఎలాగో తట్టుకుంటుంది. పైభాగంలో ఉండే మృదులాస్థికి సొంత రక్తనాళాలు లేవు, నలిగిందంటే అక్కడ చేరిన క్రిమి దగ్గరికి మందు సరిగా చేరదు. చెవి పైభాగానికీ ముక్కుకీ బోలు సూదితో కుట్టేవాళ్ల దగ్గరికే వెళ్లండి. మొదటి నగగా శరీరంలో అమర్చే నాణ్యత గల టైటానియం మంచిది. చవక స్టీలులో, కల్తీ బంగారంలో ఉండే నికెల్ చాలామందికి పడదు. తమ్మె మానడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. చెవి పైభాగానికీ బొడ్డుకీ ఆర్నెల్లూ ఏడాదీ పట్టొచ్చు. కంసాలి దగ్గర బంగారు తీగతో పాపకు చెవులు కుట్టించాలనుకునేవాళ్లు 14 వారాల టీకాలు పూర్తయ్యాకే ముహూర్తం పెట్టించుకోండి. ఆ తీగను కంసాలి చేతుల్లోంచి నేరుగా పాప చెవికి పోనివ్వకండి.

ఇన్ని చూసినా ఒక్కోసారి తప్పు షాపుది కాకపోవచ్చు. 2011 చివర్లో న్యూయార్క్ రాష్ట్రంలోని రాచెస్టర్‌లో ఒకే ఆర్టిస్టు దగ్గర టాటూ వేయించుకున్న 19 మందికి మొండి దద్దుర్లు లేచాయి. వెతికితే తేలింది ఏమిటంటే, కంపెనీ ముందే పలచన చేసి అమ్మిన బూడిదరంగు ఇంకులోనే క్షయ కుటుంబానికి చెందిన బాక్టీరియా ఉంది. మూత తీయని సీసాల్లో కూడా ఉంది. ఆ సీసా ఏదో తెలిసింది కాబట్టే మిగతావి మార్కెట్లోంచి వెనక్కి తెప్పించగలిగారు. ఇంకు సీసా లేబులూ సూది ప్యాకెట్ బ్యాచ్ నంబరూ ఫోన్లో ఫొటో తీసుకోమని అందుకే అంటాను.

ఇది చదివేవాళ్లలో షాపు పెట్టాలనుకునే కుర్రాళ్లు కూడా ఉంటారు. మీతో ఒక మాట. మన ప్రభుత్వం అడిగేదాకా ఆగకండి. ఇంగ్లండ్ కౌన్సిల్ అడిగేవన్నీ తెలుగులో ఒక అట్ట మీద రాసి మీరే గోడకు పెట్టండి. వచ్చినవాళ్ల పేరు, తేదీ, వాడిన ఇంకు, సూది బ్యాచ్ నంబర్లు ఒక రిజిస్టర్‌లో రాయండి. వయసుకు ఆధార్ చూడండి. వాడిన సూదుల కోసం గుచ్చుకోని గట్టి డబ్బా పెట్టి, ఆసుపత్రుల చెత్త తీసుకెళ్లే సంస్థతో నెలవారీ ఒప్పందం చేసుకోండి. పారిశుధ్య కార్మికుడి అరచేతిలో మీ సూది దిగితే ఆ పాపం ఎక్కడికీ పోదు. మీకూ మీ సిబ్బందికీ హెపటైటిస్ బి టీకా ముందు వేయించండి.

ఎంత జాగ్రత్త పడినా గాయం గాయమే. మొదటి రెండు మూడు రోజులు ఎర్రగా ఉండి, కొంచెం సలపడం మామూలు. ఎరుపు పక్కకు పాకుతున్నా, జ్వరం తగిలినా, చీము పట్టినా డాక్టరు దగ్గరికి వెళ్లండి. పసుపు, టూత్‌పేస్టు, పక్కింటివాళ్ల ఆయింట్‌మెంటు వద్దు. కుట్టించుకున్నచోట చీము పడితే నగను మీరే లాగేయకండి, రంధ్రం మూసుకుపోయి చీము లోపలే చిక్కుకుంటుంది. తీయాలో వద్దో డాక్టరు చెబుతారు. వాడిన సూదే వాడారని గట్టి అనుమానం వస్తే తెల్లారేదాకా ఆలోచిస్తూ కూర్చోవద్దు. హెచ్‌ఐవీ అంటకుండా ఇచ్చే మందులు 72 గంటల్లోపు మొదలుపెట్టాలి, ఎంత త్వరగా వేసుకుంటే అంత మేలు. ప్రభుత్వ ఆసుపత్రిలో ఏఆర్‌టీ కేంద్రం ఎక్కడుందో అడగండి. పరీక్ష ఉచితం, వివరాలు గోప్యంగా ఉంచుతారు. అక్కడ కూడా మొహమాటం వస్తుంది, నాకు తెలుసు. ఆ నోరున్న పిన్నినే మళ్లీ పిలవండి.

ఏ గొడవా లేకపోతే, రోజుకు రెండుసార్లు మామూలు సబ్బుతో కడిగి, మెత్తగా అద్ది, గోళ్లు తగలకుండా చూసుకుంటే చాలు. రెండు మూడు వారాలు ఈత కొలనుకీ చెరువుకీ గోదారి స్నానానికీ దూరంగా ఉండండి. ఎండలో కప్పుకోండి. ఇంకు సీసావీ ప్యాకెట్‌వీ తీసిన ఆ ఫొటోలు మాత్రం ఆరు నెలల దాకా ఫోన్లోంచి తీసేయకండి.